మా వదిన చెడ్డపేరు తెచ్చుకున్న మూడు వారాలు

మా వదిన మంచిది అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మంచిదనిపించుకున్న ఏడేళ్ళలో ఆవిడకి మోకాళ్ళు అరిగాయి తప్ప ఒరిగిందేమీ లేదు. చెడ్డదనిపించుకున్న మూడు వారాల్లో బాగుపడింది. ఆ మూడు వారాల సంగతే చెబుతాను. మధ్యలో నాకు కోపం వస్తుంది. వస్తే రానివ్వండి, చెప్పేది నేను కాబట్టి మీకు తప్పదు.

ఆవిడ మా అన్నయ్య భార్య. చదువు పదో తరగతి. పెళ్ళయిన పదకొండేళ్ళకి, కూతురి చదువు ఖర్చు పెరిగి ఇల్లు గడవక, బజారు మలుపులో ఉన్న చెప్పుల షాపులో చేరింది. మా అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఊళ్ళో పెద్ద భవనాల లిఫ్టులన్నీ అన్నయ్య చెయ్యి పడితేనే కదులుతాయి. మేముండే రెండు గదుల ఇల్లు మాత్రం మూడో అంతస్తులో, మెట్లదారిన. నేనూ వాళ్ళతోనే ఉంటాను. పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తడం, రోగుల పేర్లు రాసుకోవడం నా ఉద్యోగం. ముప్పై నాలుగేళ్ళొచ్చినా ఇంట్లో నా పేరు ఇప్పటికీ చిట్టీయే.

చెప్పుల షాపులో అమ్మకం అంటే చాలామందికి తేలిగ్గా కనిపిస్తుంది. అట్టపెట్టె తెచ్చి మూత తీయడమే కదా అనుకుంటారు. ఒక్కరోజు చేసి చూస్తే తెలుస్తుంది. కొనడానికి వచ్చినవాళ్ళు మెత్తటి కుర్చీలో కూర్చుంటారు. అమ్మేవాళ్ళు వాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చోవాలి. కాలు పలక మీద పెట్టించి కొలవాలి, తొడగాలి, బొటనవేలి దగ్గర నొక్కి చూడాలి. నచ్చకపోతే లేచి, వెనక గదిలో ఇనుప నిచ్చెన ఎక్కి, ఇంకో నాలుగు పెట్టెలు దింపాలి. బడులు తెరిచే వారంలో అలా రోజుకి వందసార్లు కూర్చుని లేవాలి. వచ్చిన మనిషి గుమ్మం నుంచి కుర్చీ దాకా నడిచి వచ్చేలోపే మా వదినకి కాలి కొలత తెలిసిపోయేది. ఎవరికైనా రెండు కాళ్ళూ ఒక్కలా ఉండవని, పెద్ద కాలికే ముందు తొడిగి చూడాలని ఆవిడకి ఎవరూ నేర్పలేదు. చేస్తూ చేస్తూ నేర్చుకుంది. వెనక గదిలో రెండువేల పెట్టెలుంటే, దీపం పోయినా సరే, అడిగింది తెచ్చేది.

షాపు యజమానిని అందరూ నవ్వుల సారు అనేవారు. మనిషి ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటాడు. జీతం పెంచమంటే నవ్వుతాడు, సెలవు ఇవ్వనన్నప్పుడు నవ్వుతాడు, ఆలస్యమైనవాళ్ళ పూట జీతం కోసేటప్పుడు మరీ తీయగా నవ్వుతాడు. ఏడేళ్ళలో మా వదిన జీతం పెరిగింది ఒక్కసారి. అది కూడా పక్కవీధిలో కొత్త షాపు తెరిచినప్పుడు, భయపడి పెంచాడు.

ఏడో ఏడు వచ్చేసరికి మూడో అంతస్తు ఎక్కడానికి వదిన రెండుచోట్ల ఆగాల్సి వచ్చేది. డాక్టరుకి చూపిస్తే, ఇంకో రెండేళ్ళు ఇలాగే మోకాళ్ళ మీద కూర్చుంటే తర్వాత అసలు నడవలేవన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి కాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటూ నాతో అంది.

"చిట్టీ, ఇంతకన్నా జీతం ఎక్కువ, కింద కూర్చోవడం తక్కువ, అలాంటి ఉద్యోగం నాకెవరైనా ఇస్తారంటావా?"

"ఇవ్వక చస్తారా! ఏడేళ్ళ అనుభవం నీది."

"అనుభవమేముందే, చెప్పులు తొడగడమేగా."

అదిగో, అలాంటి మాటలంటే నాకు చిరాకు. మరుసటి ఆదివారం కూర్చోబెట్టి, ఆవిడ చేసే పనులన్నీ ఒక్కొక్కటే అడిగి కాగితం మీద పెట్టాను. సరుకు సర్దడం, ఏది అయిపోతోందో ముందే చెప్పడం, కొత్తవాళ్ళకి పని నేర్పడం, అలిగి వెళ్ళిపోతున్న మనిషిని వెనక్కి పిలిచి కూర్చోబెట్టడం. రాస్తే రెండు పేజీలైంది. వదిన దాన్ని చదివి, "ఇదంతా నేనేనా?" అంది.

మొదట ఒక పెద్ద దుకాణంలో చెప్పుల విభాగానికి సూపర్‌వైజరు కావాలంటే వెళ్ళింది. గంటసేపు మాట్లాడారట. వాళ్ళ గోడ మీద బూట్లు పెట్టిన తీరు చూసి ఆవిడే రెండు సలహాలిచ్చిందట. లేచి చెయ్యి కలిపి, రేపో ఎల్లుండో ఫోన్ చేస్తామన్నారు. చెయ్యలేదు. తర్వాత ఆటవస్తువులమ్మే కంపెనీ. అక్కడా అంతే, ముందు నవ్వులు, తర్వాత చడీచప్పుడు లేదు. మూడోది బడిపిల్లల యూనిఫారాలు సరఫరా చేసేవాళ్ళు. వాళ్ళయితే ఒకటో తారీఖున చేరడానికి వీలవుతుందా అని కూడా అడిగారు. తీరా మనం ఫోన్ చేస్తే, ఖాళీ లేదమ్మా అన్నారు.

ఈ మూడింటి చుట్టూ తిరిగిన మూడు నెలల్లో మా వదిన నా కళ్ళముందే కుంచించుకుపోయింది. అద్దం ముందు నిలబడి, "నా మొహంలోనే ఏదో ఉంది చిట్టీ" అనేది. వయసు అయిపోయిందేమో అనేది. మాట తీరు బాగాలేదేమో అనేది. ఒకరోజు కొత్త బట్టలు కొనుక్కొచ్చింది, ఇంకోరోజు జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. చివరికి ఏమీ అనడం మానేసింది. అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేది. కూతురు ఏదో అడిగితే కసురుకుని, వెంటనే దగ్గరకి తీసుకుని ఏడ్చేది. మనిషిని కొట్టినా ఇంత దెబ్బ తగలదు.

నాకెందుకో అనుమానం వచ్చింది. మూడుచోట్లా మాటలు బాగానే జరిగాయి. మూడుచోట్లా ఆ తర్వాతే చెడింది. మాటలకీ ఉద్యోగానికీ మధ్యలో జరిగేది ఒక్కటే. ఇంతకుముందు పనిచేసిన చోటుకి ఫోన్ చేసి, మనిషి ఎలాంటిదని అడుగుతారు. దరఖాస్తులో ఆ నంబరు రాసింది నేనే.

మరునాడు మధ్యాహ్నం, మా డాక్టరు లోపల ఎవరిదో దంతం తొలుస్తుండగా, నేను పక్కగదిలోకి వెళ్ళి నవ్వుల సారుకి ఫోన్ కొట్టాను. రోజూ ఫోన్లలో మాట్లాడే గొంతు నాది. ఇంకాస్త బిరుసు చేశాను.

"నమస్కారమండీ, ఫలానా కంపెనీ నుంచి. మీ దగ్గర పనిచేసే ఒకామె మా దగ్గర ఉద్యోగానికి వచ్చారు. మనిషి ఎలాంటిదండీ?"

వదిన పేరు చెప్పగానే అవతల చిన్న నవ్వు.

"మంచిదేనండీ పాపం. పని వచ్చు. కాకపోతే..." అని ఆగాడు. నేనే అడగాలని ఆగాడన్నమాట. అడిగాను.

"కాస్త చేతివాటం ఉందండీ. పట్టుకుందామంటే సాక్ష్యాల్లేవు. ఆడమనిషి, పోనీలే అని నేనే సర్దుకుపోతున్నా. మీరు డబ్బు దగ్గర మాత్రం పెట్టకండి. నేను చెప్పానని అనకండేం?"

చేతివాటం! మా వదినకి! కూరగాయలవాడు చిల్లర ఎక్కువిస్తే నాలుగు వీధులు వెనక్కి నడిచివెళ్ళి ఇచ్చొచ్చే మనిషికి! గొంతు దాకా వచ్చిన బూతులన్నీ మింగేసి, థాంక్సండీ అని పెట్టేశాను. లోపల రోగి నోరు తెరుచుకుని అరుస్తున్నాడు. నేను కూడా వెళ్ళి పక్కన నిలబడి అరుద్దామా అనిపించింది.

సాయంత్రం ఇంట్లో చెప్పాను. అన్నయ్య నెమ్మదస్తుడు, గట్టిగా తుమ్మను కూడా తుమ్మడు. అలాంటివాడు లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?" అంది వదిన.

"వాడి పళ్ళు రాలగొట్టి వస్తా."

"రాలగొడితే మా డాక్టరు దగ్గరికే వస్తాడు. మళ్ళీ వాడికి నేనే టైము ఇవ్వాలి" అన్నాను.

వదిన నవ్వలేదు. మొహం తెల్లగా పాలిపోయింది. "మీరు కూర్చోండి" అంది అన్నయ్యతో. "నాకు కావాల్సింది వాడి పళ్ళు కాదు. నన్ను దొంగని చేసింది వాడి నోరు. ఆ నోటితోనే నన్ను మంచిదని చెప్పించాలి. చెప్పించి తీరతాను."

అప్పటిదాకా నా ఎదురుగా ఉన్నది మూడు నెలలుగా కుంగిపోయిన మనిషి. ఆ క్షణాన ఆవిడ వెన్ను నిటారుగా అయింది. పగ పట్టడం అంటే ఏమిటో ఆ రోజు మా వదిన కళ్ళలో చూశాను. చూసి సంతోషించాను కూడా, అబద్ధమెందుకు.

ఎలా చెప్పించాలో రెండు రోజులు ఆలోచించాం. దారి దొరికింది కూడా వదినకే. వాళ్ళ షాపులో పోయిన ఏడాది దాకా ఒకాయన ఉండేవాడు. అందరూ ఆయన్ని ఆవులింతల బాబాయి అనేవారు. పని దొంగ. వెనక గదిలో పెట్టెల మధ్య దుప్పటి వేసుకుని పడుకునేవాడు. అలాంటి మనిషికి రైల్వే స్టేషను దగ్గర పెద్ద బట్టల దుకాణంలో ఉద్యోగం వచ్చింది. తర్వాత ఆ దుకాణం మేనేజరు చెప్పులు కొనడానికి వచ్చి, మీ సారు ఆయన్ని ఆకాశానికెత్తేస్తే నమ్మి తీసుకున్నాం, నిండా మునిగాం అని వదిన ముందే మొత్తుకున్నాడట. ఇంకో పక్క, డబ్బు కౌంటరులో కూర్చునే పిన్ని ఉంది. అందరికీ ఆవిడ పిన్నే. వయసు యాభై రెండు, అక్కడ పదకొండేళ్ళు. లెక్కలో ఎప్పుడూ తేడా రాని మనిషి. నాలుగుచోట్ల ప్రయత్నించింది, ఒక్కచోటా రాలేదు. నా రాత ఇంతే అని మానుకుంది.

"చూశావా?" అంది వదిన. "వదిలించుకోవాలనుకున్నవాళ్ళ మీద పన్నీరు చల్లుతాడు. ఉంచుకోవాలనుకున్నవాళ్ళ మీద బురద చల్లుతాడు. నేను పనికొచ్చినంతకాలం దొంగనే."

"అయితే?"

"అయితే పనికిరాకుండా పోతాను."

మరి తీసిపారేస్తే అని అన్నయ్య భయపడ్డాడు. తీసెయ్యడు. వాడే తీసేస్తే ఏడేళ్ళకీ లెక్కగట్టి పరిహారం ఇవ్వాలి. వదినే మానేస్తే అది ఇవ్వక్కర్లేదు. నవ్వుల సారు చేతినుంచి డబ్బు రాలడం మాటలా! పిన్నికి కూడా చెబుదామన్నాను నేను. వదిన వద్దంది. పిన్ని కడుపులో మాట దాగదు, మొహం చూస్తేనే వాడికి తెలిసిపోతుంది, నాకు ఉద్యోగం రాగానే ముందు ఆవిడకే చెబుతాను అంది.

ఈ సారి గురిపెట్టింది ఫ్యాక్టరీ కార్మికులకి బూట్లు సరఫరా చేసే కంపెనీ. ఎవరికి ఏ కొలత కావాలో చూసి ఆర్డర్లు రాసే ఉద్యోగం. బల్ల ముందు కూర్చుని చేసే పని, చేతికింద కొలతలు తీయడానికి ఇద్దరు. జీతం ఇప్పటిదానికి దాదాపు రెండింతలు. నెలాఖరు లోపు మనిషిని తీసుకుంటారట. అంటే మా చేతిలో ఉన్నది మూడు వారాలు. ఇది పోతే ఇక తన మోకాళ్ళు ఇంకో ప్రయత్నం దాకా ఆగవని వదినకి తెలుసు.

చెడిపోవడం మొదలుపెట్టింది. ఎంత కష్టమో మీకు తెలియదు. మొదటిరోజు కావాలని అరగంట ఆలస్యంగా వెళ్ళాలనుకుని, వీధి చివర నిలబడి, గడియారం చూసుకుని చూసుకుని ఉండలేక ఎనిమిది నిమిషాలకే పరిగెత్తిందట. "ఒంట్లో బాలేదా అమ్మా?" అని నవ్వుల సారు నవ్వాడట. రెండోరోజు వెనక గదిలో పెట్టెలు తారుమారు చేద్దామని నాలుగు మార్చి, కిందికి దిగుతుండగా మనసొప్పక మళ్ళీ పైకెక్కి సరిచేసిందట. "నా చేతులు నా మాట వినడం లేదే" అని వచ్చి కూలబడింది. తలనొప్పని నటించమన్నాను. నటించింది. ఎవరో తొమ్మిదేళ్ళ పాపకి బూట్లు తొడుగుతూ తలనొప్పి సంగతి మరిచిపోయింది. వారం గడిచిపోయింది. నాకైతే ఆవిణ్ణి పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఒక్క వారం పని ఎగ్గొట్టడం కూడా చేతకాని మనిషిని దొంగ అంటాడా వాడు!

ఎనిమిదోరోజు దారి దానంతటదే తెరుచుకుంది. ఒక పెద్దాయన వచ్చి, రోజూ నడవడానికని షాపులో అన్నిటికన్నా ఖరీదైన బూట్లు తీసుకోబోతుంటే, వదిన నోటివెంట ఊరికే వచ్చేసింది.

"ఇది తోలు కాదండీ. పైన పూత. రెండు వానలకి పొక్కులొచ్చి రాలిపోతుంది. మీకు ఈ గుడ్డ బూట్లే హాయి."

పెద్దాయన నాలుగో వంతు ధరకి ఆ గుడ్డ బూట్లు కొనుక్కుని, నూరేళ్ళు బతకమ్మా అని దీవించి వెళ్ళాడు. కౌంటరు వెనక నవ్వుల సారు మొహంలో నవ్వు ఒక్క క్షణం చెదిరిందట. అది చూసింది మా వదిన. ఏడేళ్ళలో మొదటిసారి చూసింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళు ఎలా మెరిశాయో!

ఇక ఆగలేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ నిజం చెప్పడం మొదలుపెట్టింది. ఈ చెప్పు అడుగు అట్ట ఎండకి ఊడొస్తుందమ్మా. సగం ధర అని ఎర్ర కాగితం అంటించారు గానీ, పోయిన నెల కూడా ఇదే ధరండీ. ఈ జత వాపసు వచ్చింది, మళ్ళీ పెట్టెలో పెట్టారు. మీ కాలికి సరిపోయేది మా దగ్గర లేదు, ఎదురు షాపులో చూడండి. అబద్ధం ఒక్కటీ లేదు. కొనేవాళ్ళు ఆవిడ కోసం వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. వచ్చి చవకవే కొనుక్కుపోయారు. ఖరీదైన పెట్టెలు కదలడం మానేశాయి.

నవ్వుల సారు లోపలికి పిలిచాడు.

"అమ్మా, నిజాయితీ మంచిదే. కానీ ఇది షాపు కదా."

"సరే సార్" అంది వదిన. బయటికి వచ్చి తర్వాతి ఆవిడతో, ఈ మడమ ఎత్తు మీకు పడదండీ, నడుం పట్టేస్తుంది అంది.

వెనక గదిలో ఉండమన్నాడు. ఉంది. పెట్టె మీద ఉన్న నంబరు ఒకటి, లోపల చెప్పు మీద ఉన్నది ఇంకొకటి అయిన జతలన్నీ ఏరి, యాభై దాకా తెచ్చి అందరూ చూస్తుండగా కౌంటరు మీద పేర్చింది. వాడు వాటిని అలాగే అమ్మేస్తుంటాడు మరి. మూడో వారం మధ్యలో వాడే దగ్గరికొచ్చి, చేతులు నలుపుకుంటూ అన్నాడట.

"నీకు ఇంతకన్నా మంచి చోటు దొరకాలమ్మా. ఇక్కడ నీ తెలివి వృథా అయిపోతోంది. ఎక్కడైనా అడిగితే నా నంబరు ఇవ్వు. మంచి మాట చెబుతాను."

ఆ సాయంత్రం వదిన మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కి వచ్చింది.

రెండు రోజుల తర్వాత బూట్ల కంపెనీకి నేనూ తోడు వెళ్ళాను. గోదాము పైన చిన్న ఆఫీసు. బల్ల నిండా ఒంటి బూట్లు, గోడకి ఫ్యాక్టరీల జాబితాలు. మనుషుల్ని తీసుకునేది పొట్టి జుట్టు మేడమ్ ఒకావిడ. నన్ను గుమ్మం పక్క కుర్చీలో కూర్చోమంది. వదినతో అరగంట మాట్లాడింది, తన రెండు కాళ్ళలో ఏది పెద్దదో చెప్పమంది. ఎడమది అంది వదిన, లేవకుండానే. మేడమ్ నవ్వి, "బాగుంది. మీ పాత చోట ఒక మాట కనుక్కుని, రేపు చెబుతాను" అంది.

"మేడమ్, ఒక్క మాట" అంది వదిన. "నా ముందే చేయండి. స్పీకరు పెట్టి. మూడుచోట్ల నా వెనక ఏం మాట్లాడారో నాకు తెలియకుండానే నా ఉద్యోగం పోయింది. ఈసారి విని పోతాను."

మేడమ్ ఫోన్ బల్ల మీద పెట్టి నంబరు నొక్కింది.

నవ్వుల సారు గొంతు గదంతా నిండింది.

"ఆవిడా? బంగారమండీ! ఏడేళ్ళలో ఒక్కరోజు నాగా లేదు. మనిషి నడక చూసి కొలత చెప్పేస్తుంది, నేను ముప్పై ఏళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నా, నాకే రాదు. మా అమ్మ పోయినప్పుడు రెండు వారాలు షాపు తాళాలు ఆవిడ దగ్గరే వదిలేశా, పైసా తేడా లేదు. కొత్తగా వచ్చినవాళ్ళందరికీ పని నేర్పింది ఆవిడే. మోకాళ్ళ నొప్పితో నిచ్చెన దిగేటప్పుడు పంటి బిగువున ఆపుకుంటుందండీ, పైకి చెప్పదు. అలాంటి మనిషి మళ్ళీ దొరకదు."

గెలిచామని నేను పిడికిలి బిగించాను. వదిన వైపు చూస్తే ఆవిడ మొహంలో గెలుపు లేదు. ఫోన్ వంకే చూస్తోంది. చెయ్యి చాపి ఫోన్ దగ్గరకి లాక్కుంది.

"సార్. నేనే."

అవతలినుంచి ఆ నవ్వు. "అయ్యో, నువ్వా అమ్మా... విన్నావా! నీకు ఉద్యోగం రావాలని నాలుగు మాటలు కల్పించి చెప్పానంతే."

"ఏది కల్పించారు?"

"అది కాదమ్మా..."

"ఒక్కటి చెప్పండి సార్. మీరు చెప్పినవాటిలో అబద్ధం ఏది?"

మళ్ళీ నవ్వాడు.

"మీకు కళ్ళు లేవనుకున్నాను ఏడేళ్ళూ" అంది వదిన. "నా పని మీకు కనపడటం లేదేమో, నేనే సరిగ్గా చూపించుకోలేకపోతున్నానేమో అనుకున్నాను. అన్నీ చూశారన్నమాట. నా మోకాళ్ళు కూడా చూశారన్నమాట." ఫోన్ పెట్టేసింది.

మేడమ్ గ్లాసుతో నీళ్ళు వదిన ముందుకి జరిపి, ఒకటో తారీఖున చేరమంది. మేం బయటికొచ్చాం. మెట్ల మీద వదిన కూర్చుండిపోయింది. సంతోషంతో కాదు, కోపంతో ఏడ్చింది. అంత కోపం నేను ఆవిడలో ఎన్నడూ చూడలేదు. నేను వీపు నిమురుతుంటే నా చెయ్యి తోసేసింది.

"పద" అంది లేచి. "పిన్నికి చెప్పాలి."

షాపుకి వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండున్నర. కొనేవాళ్ళెవరూ లేరు. పనివాళ్ళు ముగ్గురు గోడవారగా పెట్టెలు సర్దుతున్నారు. నవ్వుల సారు మమ్మల్ని చూడగానే లేచి, "రామ్మా, రా! మిఠాయి ఏదీ?" అన్నాడు. ఫోన్లో ఏమీ జరగనట్టే. వదిన వాణ్ణి దాటుకుని తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్ళింది.

"పిన్నీ, మనం వేరే ఉద్యోగానికి వెళ్ళినప్పుడల్లా వాళ్ళు ఇక్కడికి ఫోన్ చేస్తారు. మనకి చేతివాటం ఉందని ఈయన చెబుతాడు. చిట్టి చెవులారా వింది. నాకు మూడు ఉద్యోగాలు అలాగే పోయాయి."

పిన్నికి ముందు అర్థం కాలేదు. నేను మొత్తం చెప్పాను, ఆవులింతల బాబాయి సంగతితో సహా. ముగ్గురు పనివాళ్ళూ చేతుల్లో పెట్టెలు అలాగే పట్టుకుని నిలబడిపోయారు. పిన్ని వింటూ వింటూ డబ్బు సొరుగుకి తాళం వేసింది. అలవాటు. తాళం చెవి బల్ల మీద పెట్టి, కౌంటరు చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చింది.

"ఆస్పత్రి వాళ్ళు కూడా చేశారా సార్?" అంది.

"ఏ ఆస్పత్రి అమ్మా?"

"మూడేళ్ళ కిందట. బిల్లుల కౌంటరు ఉద్యోగం. అంతా అయిపోయింది, రేపొచ్చి సంతకం పెట్టమన్నారు. తెల్లారి వెళ్తే వద్దన్నారు. అక్కడ పనిచేసేవాళ్ళ ఇంట్లోవాళ్ళకి వైద్యం ఊరికే చేస్తారు సార్. అందుకే అడిగాను ఆ ఉద్యోగం. అప్పటికి మా ఆయనకి మొదట్లోనే ఉంది జబ్బు."

పిన్ని భర్త పోయి రెండేళ్ళు దాటిందని నాకు తెలుసు. ఏ జబ్బుతో పోయాడో, ఏ ఉద్యోగం తప్పిపోయాక పోయాడో తెలియదు. మా వదినకీ తెలియదు. ఆవిడ గోడ పట్టుకుంది.

"చేశారా, లేదా?" అంది పిన్ని మళ్ళీ. గొంతు పెంచలేదు.

"ఎప్పటి సంగతో అమ్మా... రోజుకి ఎన్నో ఫోన్లు వస్తాయి... గుర్తు లేదు" అన్నాడు. అని నవ్వాడు. ఆ మొహానికి ఇంకోటి రాదు కాబోలు. చెమటలు కారిపోతున్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

పిన్ని ఆ నవ్వు వంక చూసింది. పక్కన అరలోంచి ఒక చెప్పు తీసుకుంది. ఏది చేతికందితే అది.

వాడు మా అందరి మొహాలూ చూశాడు, ఎవరైనా ఆపుతారేమోనని. పనివాళ్ళు ముగ్గురూ కదల్లేదు. నేను కదల్లేదు. మా వదిన కదిలింది. నొప్పి కాళ్ళతోనే గబగబా గుమ్మం దాకా వెళ్ళి, బయటినుంచి ఎవరూ రాకుండా అద్దాల తలుపుకి గడియ పెట్టింది.